గృహప్రమాదములకు లెక్క యేది?

మన సీమ వర్షాభావమునకు పేరుపడినది. అందువలననే యిచ్చట ప్రతి మండలమునందును వానను కొలుచు సాధనము లున్నవి. పడిన వాన మిల్లీమీటర్లతో సహా నాటికి నాడు పుస్తకమున కెక్కును. ఏ సర్వే నంబరులో ఏ పైరు నిలిచియున్నదో అడంగలు చెప్పును. 1800వ సంవత్సరమున దత్తమండలములు కుంఫిణీవారి వశమైన పిమ్మట థామస్ మన్రో చేయించిన కొలతల నాటినుండియు నిచ్చటి సాగునేల లెక్కలో నున్నదే. రహదారిపై వాహనము బోల్తాపడినచో పోలీసువారు ఆ చోటును, వేళను, వాహనపు వివరములను దేశవ్యాప్తమైన ప్రమాదముల పట్టికలో చేర్చుచున్నారు. కర్మాగారములో కార్మికుడు తీవ్రముగ గాయపడినచో యజమాని అధికారులకు తెలుపవలెనను విధి 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమునుండియు నున్నది. కాని వంటయింటిలో కుక్కరు మూత యెగిరి యిల్లాలి ముఖము కాలినను, నీళ్లు కాచు హీటరు కడ్డీని ముట్టి పసివాడు పడిపోయినను, ఏ వస్తువు వలన, ఏ లోపము వలన నది జరిగెనో వ్రాసియుంచు పుస్తకము మనకు లేదు.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ఒకే రైలుదారిపై నున్న పట్టణములు. 2022 ఏప్రిలు 4వ తేదీన ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో మూడును చేరియున్నవి. ఈ మూడు పట్టణముల వైద్యశాలలలో గృహప్రమాదములకు ప్రత్యేకముగ నొక రిజిష్టరు పెట్టవలెననియు, అందు గాయమునే గాక గాయపరచిన వస్తువును గూడ వ్రాయవలెననియు మేము కోరుచున్నాము. కోరిక చిన్నది, ఫలము పెద్దది. ఎట్లో వివరింతుము.

ఇంటిలో నొకరికి దెబ్బతగిలినప్పుడు సాధారణముగ జరుగున దేమి? బంధువులు వైద్యశాలకు తీసికొనిపోవుదురు. వైద్యుడు "కాలిన గాయము, కుడిచేయి" యని వ్రాసి చికిత్స చేయును. ఏది కాల్చినదో చీటీలో నుండదు. ఇంటికి వచ్చిన పిమ్మట పెద్దలు "పొయ్యి దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకొనవలదా" యని మందలింతురు, కొందరు గ్రహచారమందురు. పగిలిన వస్తువు పాతయినుపసామానుల వానికి చేరును. అంతటితో సాక్ష్యము నశించినది. ఆ వస్తువు వంటిదే మరియొకటి ఎదురింటిలో పొయ్యిమీద నుండును. దానిని చేసినవాని కేమియు తెలియదు; అమ్మినవాని కేమియు తెలియదు; కొన్నవానికి మొదలే తెలియదు. నింద మాత్రము గాయపడినవారి పాలగుచున్నది.

గాయపడినవారిలో నజాగ్రత్త గలవారు లేరని మేము చెప్పము. కాని అజాగ్రత్త యన్నమాట విచారణకు ముగింపుగా నుండరాదు. పదిమంది యొకే వస్తువుచేత నొకే విధమున గాయపడినచో, పదిమందియు నజాగ్రత్తపరులేయని తీర్పుచెప్పుట న్యాయమా? ఆ పదిమంది సంగతియు నొకచోట చేరినప్పుడు గదా యీ ప్రశ్న పుట్టుట! ఒకరు హిందూపురమునను, ఒకరు పెనుకొండయందును, ఒకరు ధర్మవరమునను వేర్వేరు వైద్యులకు చూపించుకొన్నంతకాలము ప్రతిదియు నొంటరి దురదృష్టముగనే కనబడును. కూడిక వేసిననాడే దురదృష్టము లోపముగ తేలును.

ఈ మూడు పట్టణముల గృహజీవనమునందు దీని కొక విశేషము గలదు. ధర్మవరమున నేతవారి యిల్లు నివాసమును, కర్మశాలయును నొక్కటియే. గుంటమగ్గము, దానిపై జకార్డు, ప్రక్కన కండెలు చుట్టు యంత్రము, ఆ ప్రక్కనే ఊయలలో బిడ్డ. పట్టుపడుగుల నడుమనుండి కరెంటు తీగ పోవుచుండును. అచ్చట కలుగు గాయము పనిలో కలిగినదా, ఇంటిలో కలిగినదా? ఫ్యాక్టరీ కాదు గనుక దానిని తెలుపు నిర్బంధము లేదు. హిందూపురము పట్టుగూళ్ల విపణికి ప్రసిద్ధము. గూళ్లను మరుగునీటిలో వేసి దారము తీయు పనిని ఇండ్లలో చేయుచోట్ల పిల్లలు తిరుగాడు తావుననే కాగునీటి తొట్టి యుండును. ఇక బెల్లము, చింతపండు, మిరప మొదలగు సరకుల కొరకు హిందూపురము బజారునకు వచ్చు గ్రామస్థులు తిరిగిపోవునప్పుడు కుక్కరో, గ్రైండరో, గ్యాసు పొయ్యియో కొనిపోవుచుందురు. వస్తువు పట్టణమున కొనబడి పల్లెలో ప్రేలినచో, ఆ వార్త అమ్మిన దుకాణమునకు తిరిగివచ్చు దారియే లేదు.

పెనుకొండ సంగతి మరింత ఆలోచింపదగినది. ఆ పట్టణ సమీపమున 2019లో కియా కార్ల తయారీ మొదలైనది. కారునకు సంబంధించి నేడు మన దేశమున నొక కట్టుదిట్టమున్నది. 2019లో సవరింపబడిన మోటారు వాహనముల చట్టమును బట్టి, లోపముగల వాహనములను తయారుచేసినవారు వెనుకకు పిలిపించి సరిచేయవలెను. అందుకు సంబంధించిన నిబంధనలు 2021 ఏప్రిలు 1 నుండి అమలులో నున్నవి. ఒకే రకపు కార్లను గూర్చి ఫిర్యాదులు తగినన్ని చేరినచో ప్రభుత్వము విచారించి యాజ్ఞ యీయగలదు. అనగా కారు విషయమున ఫిర్యాదులను కూడుటయే రక్షణకు మూలమైనది. ఆ కార్లశాలలో పనిచేయు వాని యింటిలోని స్టవునకు, ప్లగ్గునకు ఈ కూడిక యెవరు చేయుచున్నారు? కారు కొనగలవానికంటె స్టవు కొనువారి సంఖ్య యెన్నియో రెట్లు గదా!

వ్రాసిపెట్టుటవలన మేలు కలుగునా యని సందేహించువారికి దూరదేశములు చూపనక్కరలేదు. తాంబూలమునకును, పొగాకునకును వాడు సున్నము పూర్వము కాయలలోను, డబ్బీలలోను నుండెడిది. పిదప మెత్తని ప్లాస్టిక్ పొట్లములలో అమ్ముట మొదలైనది. పిల్లలు దానిని నొక్కి యాడుకొందురు. పొట్లము పగిలి సున్నము కంటిలో పడును. సున్నము క్షారపదార్థము, కంటిపొరను దాటి లోనికి దిగుచునే యుండును. వెంటనే మంచినీటితో చాలసేపు కడుగనియెడల చూపే పోవచ్చును. ఒక్కొక్క తల్లి తన బిడ్డ అల్లరియే కారణమనుకొనును. కాని 2003లో ఢిల్లీలోని అఖిల భారత వైద్యవిజ్ఞాన సంస్థకు చెందిన నేత్రవైద్యులు ఈ పొట్లముల ప్రమాదమును గూర్చి 'లాన్సెట్' వైద్యపత్రికలో హెచ్చరించిరి. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాదు నేత్రవైద్య సంస్థ వైద్యులు తమ రోగుల వివరములను కూర్చి చూడగా, పిల్లల కన్నులకు రసాయనములవలన కలుగు గాయములకు సున్నమే ముఖ్యకారణముగ కనబడినది. ఇచ్చట దోషము సున్నమునది కాదు, బిడ్డది కాదు. ఆ పొట్లపు నిర్మాణమునది. ఈ సంగతి పుస్తకములో పదముగ నెక్కి, పదములు కూడి లెక్కగ మారినప్పుడు గాని తెలియలేదు.

పల్లెటూళ్ల యందును ఇట్టి యుదాహరణ గలదు. ఉత్తరదేశమున పశువుల మేతను నరకు యంత్రములు ఇంటింట నుండును. ఢిల్లీ ఐ.ఐ.టి.యందు ఆచార్యులుగ నుండిన దినేశ్ మోహన్ గారును, వారి సహచరులును హర్యానా గ్రామములలో ఆ యంత్రములవలన వ్రేళ్లు, చేతులు కోల్పోయినవారి వివరములను సేకరించిరి. గాయపడినవారిలో పిల్లలు పలువురుండిరి. పనిలేనప్పుడు చక్రము కదలకుండ గడియయు, చేయి కత్తివరకు పోకుండ అడ్డును అమర్చిన మేలైన నమూనాను వారు రూపొందించిరి. పిల్లలకు బుద్ధిచెప్పుటకంటె గడియ పెట్టుట సులభమని ఆ సేకరణ తెలిపినది.

పొరుగున నున్న సింహళద్వీపమున విజయ గొడకుంబుర యను శస్త్రవైద్యుడు కాలినగాయములతో వచ్చు రోగులను చూచి, వారిలో పలువురు చేతితో చేసిన కిరోసిను బుడ్డిదీపములు దొర్లిపడుటవలన కాలినవారని గుర్తించెను. పొడవైన సీసా, వదులైన మూత — తగిలినంతనే పడును, పడినంతనే నూనె చిందును. ఆయన పొట్టిగ, బరువుగ, ప్రక్కలు బల్లపరుపుగ నుండి, మరమూత గల గాజుదీపమును నిర్మింపజేసెను. అది పడదు; పడినను దొర్లదు; దొర్లినను చిందదు. ఆ దీపమునకు 1998లో రోలెక్సు పురస్కారము లభించినది. వైద్యుడు గాయమును మాత్రమే చూచియుండినచో లేపనము వ్రాసి యూరకుండును. దీపమును గూడ చూచుటవలన లోకమునకు మేలైనది.

అమెరికా వారు ఈ పనిని వ్యవస్థగ నేర్పరచిరి. 1972లో వినియోగవస్తువుల భద్రత కొక ప్రత్యేక సంఘమును చట్టముచేత స్థాపించి, వైద్యశాలల అత్యవసర విభాగములకు వచ్చు గాయములను వస్తువులవారీగ వ్రాయు పద్ధతిని ఆ దశకమునందే నెలకొల్పిరి. దేశములోని వేలాది వైద్యశాలలన్నింటిని వారు లెక్కింపరు. శాస్త్రీయముగ నెన్నుకొన్న సుమారు నూరు వైద్యశాలలనుండి వివరములు తెప్పించి, వానినిబట్టి దేశమంతటి లెక్కను అంచనావేయుదురు. ఒక ఆటవస్తువో, నిచ్చెనయో హఠాత్తుగ పెక్కుమందిని గాయపరచుచున్నచో ఆ పట్టికలో వెంటనే కనబడును. ఆ వివరములు సర్వజనులకును అందుబాటులో నున్నవి. బ్రిటనులో 1976లో మొదలైన యిట్టి సేకరణ 2002తో ముగిసినది. సాధింపబడిన మంచి పనియు పోషించువారు లేనినాడు నిలువదని అది మనకు బోధించును.

మన దేశమున నేమియు లేదనుట సరికాదు. ప్రమాదమరణముల వివరములను 1967నుండి కేంద్రప్రభుత్వపు నేరముల గణాంకశాఖ సంవత్సరమునకొక సంపుటముగ ప్రకటించుచున్నది. గ్యాసు బండ, స్టవు ప్రేలుట, విద్యుద్ఘాతము, మునుగుట — అన్నియు నందున్నవి. కాని అది పోలీసుల యొద్దకు పోయిన మరణముల లెక్క. బ్రతికి మిగిలిన గాయము దానిలో చేరదు. వస్తువు తయారీదారు, నమూనా, వయస్సు దానిలో నుండవు. మరణముల లెక్కయైనను పూర్తిగనున్నదా యనిన, 2009లో 'లాన్సెట్' లో ప్రకటితమైన పరిశోధన యొకటి, 2001లో మన దేశమున అగ్నివలన మరణించినవారు 1,63,000 మందికి పైగా నుందురనియు, అది పోలీసుల లెక్కకు ఆరురెట్లనియు అంచనావేసినది. వారిలో సుమారు మూడింట రెండువంతులు స్త్రీలు. ఆరుగురు చనిపోయినచో నొక్కరు మాత్రమే లెక్కకెక్కిరన్నమాట. ఇక చావక బ్రతికినవారి మాట చెప్పనేల? ఏటేట పదిలక్షలమందికి పైగా మన దేశమున మధ్యమముగనో తీవ్రముగనో కాలిన గాయముల పాలగుచున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది.

స్త్రీల సంగతి వచ్చినది గనుక నొక చేదుమాట దాచక చెప్పవలసియున్నది. "స్టవు ప్రేలినది" యను మాట చాటున వరకట్నపు ఘాతుకములు దాగిన సందర్భములు దేశమున కలవని అందరు నెరుగుదురు. 1986లో వరకట్న మరణమును ప్రత్యేక నేరముగ చేసిన చట్టము అందుకే వచ్చినది. స్టవును పరీక్షించి, దాని స్థితిని వ్రాసిపెట్టు ఆచారమున్నయెడల రెండు న్యాయములు జరుగును. నిజముగ ప్రేలిన స్టవు తయారుచేసినవాని దోషము బయటపడును. ప్రేలని స్టవును ప్రేలినదని చెప్పువాని యబద్ధము బయటపడును. వస్తువును చూడని విచారణలో నిర్దోషి తయారీదారుడును, నిర్దోషి కుటుంబమును అనుమానపు పాలగుదురు, దోషులు తప్పించుకొందురు.

చట్టము లేదా? చాలినంత గలదు. 2019 నాటి వినియోగదారుల రక్షణచట్టము లోపముగల వస్తువువలన కలిగిన హానికి తయారీదారుని, అమ్మినవానిని బాధ్యులను చేసినది. ఆ చట్టముక్రింద 2020 జూలైలో ఏర్పడిన కేంద్ర వినియోగదారుల రక్షణాధికారసంస్థకు, ప్రమాదకరమైన వస్తువులను బజారునుండి వెనుకకు తెప్పించు నధికారమున్నది. ఇండ్లలో వాడు ప్రెషరు కుక్కర్లకు ఐ.ఎస్.ఐ. ముద్ర 2021 ఫిబ్రవరి 1 నుండి నిర్బంధమైనది. ఆ నియమమునకు విరుద్ధమైన కుక్కర్లను తన వేదికపై అమ్మనిచ్చినందుకు 2022 ఆగస్టులో అమెజాను సంస్థకు లక్షరూపాయల జరిమానా విధించి, 2,265 కుక్కర్లు కొన్నవారికి తెలియజేసి, వస్తువులను వెనుకకు తీసికొని సొమ్ము చెల్లింపవలసినదిగా ఆ సంస్థ ఆజ్ఞాపించినది. ఖడ్గము కలదు, కాని దానిని ఎటు త్రిప్పవలెనో చూపు కన్ను లేదు. ముద్ర లేని కుక్కరును పట్టుకొనుట సులభము. ముద్ర యుండియు గాయపరచుచున్న వస్తువును గుర్తించుటకు గాయముల లెక్కయొక్కటే మార్గము.

ఇక మేము కోరు రిజిష్టరు స్వరూపమేమి? తేదీ, వేళ; గాయపడినవారి వయస్సు, స్త్రీయా పురుషుడా; ఇంటిలో ఏ తావున; అప్పుడేమి చేయుచుండిరి; గాయపరచిన వస్తువేది, ఎవరు చేసినది, ముద్ర యున్నదా; ఎన్నేండ్ల క్రితము కొనినది; మరమ్మతు జరిగినదా; గాయమెట్టిది, తుదకేమైనది. ఇంతియే. పేరు, కులము, చిరునామా అక్కరలేదు. మరమ్మతు గడియను మేము బుద్ధిపూర్వకముగ చేర్చితిమి. కుక్కరునకు అసలు రబ్బరుకు బదులు నకిలీది వేసినప్పుడు, గ్యాసు గొట్టమును గడువు దాటినను మార్చనప్పుడు, మూడు పిన్నుల ప్లగ్గునకు ఎర్తు తీగ కలుపనప్పుడు దోషము తయారీదారునిది కాకపోవచ్చును. ఎవరి దోషమో తెలిసినగాని మందు తెలియదు. కర్మాగారమును మందలింపవలెనో, మరమ్మతువానికి శిక్షణ నీయవలెనో, ఇంటివారికి బోధింపవలెనో ఆ గడియయే చెప్పును.

వ్రాయువారెవ్వరు? మూడు పట్టణముల ప్రభుత్వ వైద్యశాలలు మొదలిడవలెను. ప్రైవేటు నర్సింగుహోములు వారితో చేయికలుపవలెను. చిన్న గాయములు వైద్యశాలకు రావు గనుక ఆశా కార్యకర్తలు తమ పర్యటనలలో వినిన సంగతులను తెలుపవచ్చును. మన ప్రాంతమున కొక ప్రత్యేకమైన చిక్కున్నది. తీవ్రముగ కాలినవారిని ధర్మవరమునుండి అనంతపురమునకును, హిందూపురమునుండి బెంగుళూరునకును పంపుట పరిపాటి. రోగి రాష్ట్రపు టెల్ల దాటగనే అతని లెక్కయు దాటిపోవును. కావున మొదట చూచిన వైద్యశాలవారు పంపుటకు ముందే ఆ పది గడులు నింపవలెను. నెలకొకమారు మూడు పట్టణముల పట్టికలను కూడి, సారాంశమును జిల్లాధికారులకును, భారత ప్రమాణముల సంస్థకును పంపి, పత్రికలలో ప్రకటింపవలెను. కూడిక వేయుటకు కళాశాలల గణితోపాధ్యాయులు, విద్యార్థులు చాలుదురు. ఇందుకు కావలసిన ధనము స్వల్పము; కావలసినది పట్టుదల.

ఇందుకు చెప్పబడు ఆక్షేపణలు మూడు. వైద్యులకు తీరికలేదందురు. గాయమునకు కట్టుకట్టు సమయమున పది ప్రశ్నలడుగుట నర్సునకు రెండు మూడు నిమిషముల పని. పలుమార్లు ఆ ప్రశ్నలు ఎట్లును అడుగబడుచునే యున్నవి, వ్రాయబడుట లేదు. పోలీసులు వత్తురేమో యని ప్రజలు భయపడుదురందురు. నేరము తెలిసినప్పుడు పోలీసులకు తెలుపు విధి వైద్యులకు వేరుగ నున్నది. పేరులేని యీ పట్టిక దానికి అడ్డునురాదు, దానిని పెంచదు. వర్తకులకు నష్టమందురు. మంచి సరకు అమ్ము వర్తకునికి నాసిసరకు వర్తకుని పోటీయే పెద్ద నష్టము. నాసిసరకు పేరు లెక్కలో బయటపడిన నాడు లాభపడువాడు సత్యమైన వర్తకుడే.

మా పాఠకులలో భూవసతి గలవారును, పట్టణ ప్రముఖులును పెక్కురు గలరు. వైద్యశాలాభివృద్ధి సంఘములలోను, పురపాలక సంఘములలోను, వర్తక సంఘములలోను వారి మాట చెల్లును. ఆ మాటను ఈ పనికి వినియోగింపవలసినదని కోరుచున్నాము. అంతవరకు ప్రతి గృహస్థుడును చేయదగిన పనులు గలవు. గాయపరచిన వస్తువును పారవేయక భద్రపరుపుడు. దాని రసీదును, పెట్టెను దాచుడు. గ్యాసు ప్రమాదమైనచో పంపిణీదారునకు వెంటనే వ్రాతమూలకముగ తెలుపుడు. చమురుసంస్థలు చేయించిన బీమా ఇట్టి ప్రమాదములకు వర్తించుననియు, తెలుపనిచో పరిహారము చేతికిరాదనియు గ్రహింపుడు. మీ పొలములో పనిచేయు కూలివాని యింటనైనను, మీ మగ్గమునకు నేయు నేతవాని యింటనైనను ప్రమాదము జరిగినచో, చికిత్సకు తోడ్పడుటతోపాటు కారణమును గూడ అడిగి వ్రాయింపుడు. ఆ కుటుంబమునకు అడుగు ధైర్యము లేకపోవచ్చును, మీకు గలదు.

కరవు వచ్చిన యేడు వాన లెక్కయే ప్రభుత్వమును కదలించును. వానలేదని రైతు మొరపెట్టుకొన్నంతమాత్రమున శిస్తు మాఫీ కాలేదు. ఇన్ని మిల్లీమీటర్లు తక్కువయని పుస్తకము చెప్పినప్పుడే మండలము కరవు మండలమైనది. గాయపడిన బిడ్డ యేడ్పును ఇల్లు వినును, వీధి వినును. ప్రభుత్వమును, కర్మాగారమును వినవలెననిన ఆ యేడ్పు అంకెగ మారవలెను. హిందూపురము, పెనుకొండ, ధర్మవరములు ఈ పుస్తకమును ముందుగ తెరచినచో, తక్కిన పట్టణములకు దారి చూపిన కీర్తి వానికే దక్కును. పెద్దలు పూనుకొందురని ఆశించుచున్నాము.